మోచేతి మలుపు

నూనెలోంచి ఇసుక తీసుడు నా పని అంటే
కోరుట్ల బస్సుల పక్కసీటాయన నవ్విండు,
"తిరగేసి చెప్తున్నవేమో" అని.

మర్మూల్. రాత్రి రెండు.
పైపు మోచెయ్యి లెక్క వంగినకాడ
స్క్రూడ్రైవర్ మొన ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకుంట.
సెన్సరు తెర మీద గీత గీస్తనే ఉంటది. అయినా
దాద్ కరీం నేర్పిన విద్య, విడవబుద్ధి కాదు.
నూనె ఒక్కటే పారితే గురక.
ఇసుక కలిస్తే
ఎవరో చాటల నూకలు చెరిగినట్టు.

ఇయ్యాల చెరుగుతున్నరు.

మూడు నెలల కింద ఇదే మలుపు
అగ్గిపెట్టె అట్టంత పలచబడ్డది.
మార్చినం. పాతది స్టోరు ఎనుక పడున్నది,
లోపల వేలు పెడితే నున్నగ, గాజు లెక్క.

మస్కట్ నుంచి ఫోను:
"బ్యారెళ్ళు తక్కువున్నై, ఇంకో రెండు చుట్లు తిప్పు."
చోక్ చక్రం మీద చెయ్యేసి నిలబడ్డ.
కింద, తొమ్మిది వందల మీటర్ల లోతుల
రాయి అనుకున్నది రాయి కాదు,
ఒకదాన్నొకటి పట్టుకున్న గింజలు.
ఆశకొద్ది గుంజితే పట్టు విడుస్తయి.
వాటికి అడ్డం మేం పోసింది గూడ ఇసుకే,
జల్లించింది, జర లావుది.
ఎన్నని ఆపుతది?

రెండు చుట్లు తిప్పిన.
మూసే దిక్కు.

గురక మళ్ళ వినొచ్చేసరికి నాలుగైంది.
శాంపిల్ గొట్టం అడుగున
గోటి మీది తెల్లచుక్కంత ఇసుక.
ఎండ ఎట్లుంటదో ఎన్నడు చూడనిది.
తేదీ రాసి మూత పెట్టిన.

పొద్దుగాల సంజాయిషీ అడుగుతరు.
అప్పటిదాక చాయ్, పరోటా.
పంటి కింద కరకర.
ఇది పై ఇసుక, గాలికొచ్చింది,
దీనికి రిపోర్టు లేదు.