ఎడమ ముందర

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగే రోజుల్ల
మా షాపు కంప్రెసర్ గూడ తుమ్ముతది.
అసొంటి మార్చి పొద్దున
కొలిపాక విజేందర్ బండి మల్లొచ్చింది.
వారం కిందనే నేనెక్కించిన నల్ల అల్లాయ్‌లు,
పెండ్లికొడుకు చెప్పుల లెక్క మెరుస్తున్నయి.
"యాకయ్యా, దీపం ఆరుతలేదు."

స్పీడు మీటరు పక్కన పసుప్పచ్చ గుర్తు,
గుర్రపు నాడ నడుమ బెదిరిన గీత.
కింద అక్షరాలు: ఎడమ ముందర, ఇరవై ఆరు.

గేజీ పెట్టిన. ముప్పై మూడు.
మా నాయిన వాడిన ఇత్తడి గేజీ తెచ్చి పెట్టిన.
ముప్పై మూడే.
విజేందర్ నా మొకం చూసిండు,
నేను దీపం మొకం చూసిన.

సబ్బు నీళ్లు పోస్తే బుడగ లేదు.
టైరు విప్పితే
వాల్వు అడుగున బొటనవేలంత నల్ల డబ్బి,
పాత చక్రంల కెల్లి తీసి నేనే బిగించింది.
బండి ఆగితే పండుకుంటది,
చక్రం తిరిగితే లేచి
తన గాలి సంగతి తాను చెప్పుకుంటది.
నట్టు ఎక్కువ తిప్పిన్నా? రబ్బరు నలిగిందా?
కొత్త రిమ్ము వంపుకు ఒరుసుకుంటున్నదా?
లేదు, వేలు దూరేంత సందున్నది.

విజేందర్ అప్పటికే ఫోన్ల
కొత్త సెన్సారు ధర చూస్తున్నడు.
"నువ్వు చెడగొట్టినవు, నువ్వే కట్టు" అనలే.
దగ్గిండు.
అది మిర్చి దగ్గు గాదు.

ములుగు రోడ్డు మీద తిప్పుకొద్దామన్న.
డబ్బి నిద్ర లేవాలె గద.
వెనక సీట్ల అంకూసు, ఒళ్లో సబ్బు నీళ్ల సీసా.
ఆరెపల్లి దాటి దామెర కాడికొచ్చేసరికి
అంకె దిగింది: ఎడమ ముందర, ఇరవై నాలుగు.
దిగి గేజీ పెడితే
ఎండ వేడికి ముప్పై ఐదు.

వంగి లేస్తుంటే కుడి మోకాలు గుంజింది.

నిరుడు ఎంజీఎంల డాక్టరమ్మ
ఆ మోకాలు ముట్టనే లేదు.
నడుము మీద వేలు పెట్టి ఒత్తితే
మోకాలు కాడ మెరుపు కొట్టింది.
"నొప్పి ఒక కాడ మొత్తుకుంటది,
రోగం ఇంకో కాడ కూసుంటది" అన్నది.
రెండేండ్లు మోకాలికి రాసిన బామంతా
ఉత్తగనే పోయింది.

"అంకూసూ, ఆ రోజు ఏ సెన్సారు
ఏ చక్రంల పెట్టినమురా?"
పోరడు తల గోక్కున్నడు.
"కొత్తయి అన్నీ ఒక్క తీరుగ ఉండె గదన్నా,
చేతికొచ్చింది చేతికొచ్చినట్టు..."

ఇరవై ఏండ్ల పనోన్ని.
దీపం ఎడమ ముందర అన్నదని
మిగిలిన మూడు చక్రాలకు
గేజీ చూపియ్యనే లేదు.

కుడి వెనక చక్రం కాడ గొంతు కూసున్న.
ఇరవై నాలుగు.
ఇత్తడి ముల్లు, అద్దం మీది అంకె
మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చినయి.
అంకూసు సీసా వంచిండు.
టైరు గాడిల సన్న మొల,
ఏ పందిరి కాడ రాలిందో,
దాని తల మీద బుడగ లేచింది,
పగిలింది, మల్ల లేచింది.

వారం సంది ఆ డబ్బి
నిజమే చెప్తున్నది.
దాని ఇల్లు మారింది,
బండికి ఎవ్వలు చెప్పలే.

షాపుకొచ్చి మొల పీకి పంచరేసి,
మిషిను పట్టుకొని ఒక్కొక్క వాల్వు కాడ ఆగి
నువ్వు ఇక్కడ, నువ్వు ఇక్కడ అని
నాలుగు కొత్త ఇండ్లు రాయించిన.
దీపం ఆరింది.
విజేందర్ ఐదు వందల నోటు తీసిండు.
పంచరుకు వంద పట్టుకొని
మిగిలింది వాపస్ ఇచ్చిన.
సిగ్గుకు ధర కట్టరాలేదు.

రాత్రి బాము మూత తీసి
అలవాటుగ మోకాలి దిక్కు పోతున్న చెయ్యిని
పట్టి నడుముకు మలుపుకున్న.
పొద్దంత అంటిన మిర్చి దుమ్ము
కడుక్కునుడు మర్శిన.
నడుము భగ్గుమన్నది.
అయినా
అడ్రసైతే సరిగ్గనే ఉన్నది.