ఏడు చిల్లుల ఉత్తరం

ఫర్వానియాలో మా జిరాక్సు కొట్టు.
పొద్దున్నించి రాత్రి దాకా
ఆకామాలు, పెండ్లి సర్టిఫికెట్లు, ఎవరివో ఎక్సరే రిపోర్టులు.
లోకమందరి కాగితాలకూ ప్లాస్టిక్ తొడుగుతా,
మా ఇంటి కాగితాలకు తొడగను.

ఒక్కసారి తొడిగినా.
అవ్వకు తాత రాసిన మొట్టమొదటి ఉత్తరం.
ఏడాది తిరిగేసరికి సిరా జిగురులోకి పాకి
నీలం మబ్బు మిగిలింది.
దాన్ని కూడా పారెయ్యలేదు.

మిగతా అరవై నాలుగూ ఖర్జూరం డబ్బాలో.
ఆగస్టులో సముద్రం మీంచి చెమ్మ ఎక్కినప్పుడు
రాయచోటి నుంచి తెప్పించిన వసకొమ్ములు మారుస్తా,
ఏసీ ఆపొద్దని అమ్మతో పోట్లాడతా.

అవ్వ పేరు చౌడమ్మ.
సాల్మియాలో ఒక ఇంట్లో పద్నాలుగేండ్లు వంట.
అక్షరం రాదు.
వచ్చిన ఉత్తరం శుక్రవారం మాలియాకు పట్టుకపోయి
డ్రైవర్ మస్తానయ్య చేత చదివించుకొనేది.
ఒక్కసారే.
రెండోసారి అడగాలంటే మొగమాటం.
అందుకని గదికొచ్చి
సూదితో కాగితం మూలన పొడుచుకొనేది:
పుట్టుకకు ఒక చిల్లు,
చావుకు రెండు,
డబ్బు పంపమంటే మూడు.

డబ్బా నిండా మూడు చిల్లులే.
ఒకదానికి మాత్రం రెండు, ఆ పక్కన ఒకటి.
మూడని పొరబడకుండా
మధ్యలో వేలెడు ఎడం వదిలింది.
కానుపులో పోయిన మా పెద్దమ్మ,
మిగిలిన బిడ్డ.

తొంభైలో ట్యాంకులొచ్చినప్పుడు
మేడమ్ వాళ్ళు కారెక్కి సౌదీకి పోయినారు.
అవ్వ బస్రా మీదుగా అమ్మాన్ దాకా
లారీలో, బస్సులో, కొంత కాలినడకన.
మెడలో గొలుసు రెండు సీసాల నీళ్ళకిచ్చి
ఉత్తరాలు నడుముకు కట్టుకుంది.
ఆ చెమట చార ఇప్పటికీ
ప్రతి మడత మీదా నాలుగేళ్ళ వెడల్పున పసుపు.

ఇంకో పదహారేండ్లకు అమ్మ
అదే డబ్బాతో ఇదే ఊర్లో దిగింది.
కస్టమ్స్ అతను ఒక కాగితం వెలుతురుకు పట్టి
"పురుగు కొట్టేసింది, పారెయ్" అన్నాడంట.
అమ్మకు అప్పటికి అరబ్బీలో వచ్చింది ఒక్కటే మాట,
లా.

ఇక ఈ ఒక్క ఉత్తరం.
ఎనభై నాలుగు, కార్తీకం. తాత రాసింది నాలుగు ముక్కలు:
వాన బాగా పడింది.
ఎర్రావు తప్పిపోయి మళ్ళీ దొరికింది.
నువ్వు పంపిన సబ్బు పిల్లోల్లు వాడకుండా దాచి, వాసన చూస్తా ఉండారు.
వేరే విశేషాలు లేవు.

ఏడు చిల్లులు.
పుట్టుక కాదు, చావు కాదు, అప్పు కాదు.
అమ్మనడిగితే "కునుకుపాట్లలో పొడిచుంటాదిలే" అంటుంది.
కునుకుపాట్లలో పొడిస్తే
అంత తిన్నగా వరస వస్తుందా?
నా లెక్కల పుస్తకంలో అన్ని ఉత్తరాలకూ అర్థం రాసినా.
దీని ఎదురుగా గడి ఖాళీ.

రాత్రి షట్టరు దించి
మెల్లిగా విప్పి స్కానరు మీద పరిచినా.
తెర మీద కాగితం తెల్లగా, నున్నగా వచ్చింది,
మూలన ఒక్క చుక్కా లేదు.
దుమ్మనుకొని అదే పూడ్చేసింది.

మళ్ళీ పెట్టినా.
మచ్చలు తీసెయ్యమంటావా అని అడిగింది.
వద్దు.
ప్రతి కాగితానికీ అడుగుతాది.
అరవై నాలుగు సార్లు
వద్దు.