కుట్టు విప్పిన గీత

కొరాపుట్ నుంచి తెచ్చిన రోజు
బస్సులో ఆరు గంటలు
ఒక్కసారి ఏడవలేదు.
"ఎంత బుద్ధిమంతురాలో!" అంది పక్క సీటు ముసలామె.
దమయంతి మురిసిపోయింది.
నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

రెండేళ్ల ఏడు నెలలని కాగితంలో ఉంది.
గుణుపురం బజారులో నాది దర్జీ కొట్టు,
మనిషిని చూస్తే కొలత చెబుతాను.
అయినా టేపు పెట్టి చూశాను.
ఏడాది పిల్ల గౌను
భుజాల దగ్గర వదులైంది.

ఆ రాత్రి దీపం తీశాక
మోకాళ్ల మీద లేచి, తల దిండుకి ఆనించి
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ
తనని తానే ఊపుకుంది.
నా మిషను తొక్కుడు పలకలా,
దారం లేకుండా,
ఏమీ కుట్టకుండా.
ఉయ్యాల కడితే
దిగిపోయి నేల మీద ఊగేది.

అక్కడ ఇరవై మంచాలు,
రాత్రికి ఒక్క ఆయా.
పాలసీసా దిండుకి ఆనించి
పక్క మంచానికి వెళ్లేదట.
చెడ్డది కాదు ఆవిడ,
మేం బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చింది.
ఉన్నవి రెండు చేతులు, అంతే.
ఏడిస్తే ఎవరూ రారని
పసిబిడ్డకి ఎన్ని రోజుల్లో తెలుస్తుంది?
ఆ లెక్క ఏ కాగితంలోనూ రాయలేదు.

దిండు గలీబులో చపాతీ ముక్కలు,
బూజు, చీమలబారు.
దమయంతి తిట్టలేదు.
"దీనికో జేబు కుట్టు" అంది.
ముప్పై ఏళ్ల పనిలో
దిండుకి జేబు కుట్టడం అదే మొదలు.
రోజూ రాత్రి అందులో రెండు బిస్కట్లు.

కొట్టుకొచ్చిన ప్రతి మనిషి వేలూ పట్టుకునేది ఝునూ.
జాకెట్టు కొలతలకొచ్చినావిడ ఒళ్లో ఎక్కేది.
"మీ పిల్ల భలే కలుపుగోలు" అంటే
నాకు లోపల సూది విరిగినట్టుండేది.
ఓ సంత రోజు
ఉల్లిపాయలమ్మే ఆయన వెంట
వంశధార వంతెన దాకా వెళ్లిపోయింది,
వెనక్కి చూడకుండా.
ఆయనే తెచ్చి అప్పగించి అడిగాడు:
"ఈ పిల్లకి తన ఇల్లేదో తెలీదేటి బాబూ?"

బరంపురంలో డాక్టరమ్మ
నాలాగే టేపు తీసి తల చుట్టూ కొలిచింది.
"ఎత్తొస్తుంది, బరువొస్తుంది,
మాటా వస్తుంది.
మిగతాది చూద్దాం."
మిగతాది అంటే ఏమిటని
నేనడగలేదు.

ఎత్తొచ్చింది.
గోడ మీద నా సుద్దగీతలే సాక్ష్యం,
ఒక్క ఏడాదిలో నాలుగంగుళాలు.
మాటొచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
రెంటిలోనూ "నాకు కావాలి" అన్నది
అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది.
ఎక్కాలు మాత్రం పొద్దున వచ్చి
సాయంత్రానికి పోతాయి.
ధ్యాస లేదని ఎర్ర సిరాతో రాస్తాడు మాస్టారు.
ఉంది మాస్టారూ, తలుపు మీద ఉంది.
అది కిర్రుమంటే
వచ్చేదెవరో, వెళ్లిపోయేదెవరో చూసుకోవాలి కదా.

పిల్లల గౌన్లకి అంచు లోపలికి మడిచి కుడతాం,
ఎదుగుతారని.
ఏడాదికి విప్పితే పొడవు సరిపోతుంది,
పాత కుట్టు చోట మాత్రం
ఓ గీత మిగిలిపోతుంది,
ఎన్నిసార్లు ఉతికినా, ఇస్త్రీ పెట్టినా.
గొణిగే గిరాకీలకి చెబుతుంటాను,
చిరుగు కాదమ్మా అది,
గుడ్డ గట్టిదే.

మొన్న, తొమ్మిదో ఏట,
కొట్టు ముందే సైకిల్ మీంచి పడింది.
ఇదివరకైతే
నెత్తురు కారుతున్నా దులుపుకుని లేచేది,
ఆ మోకాలు వేరే ఎవరిదో అయినట్టు.
మొన్న లేవలేదు.
మోకాలు చూసుకుంది.
తల తిప్పి చూసింది.
గుమ్మంలో నలుగురం ఉన్నాం,
ఆ నలుగురిలో నన్ను వెతికి పట్టుకుని
అప్పుడు ఏడ్చింది,
బజారంతా వినబడేలా.
"ఇంత పిల్లవి, ఏడుస్తావేటమ్మా!" అందొకావిడ.
"ఏడవనీండి" అన్నాను,
కత్తెర కింద పడేసి.

ఆ రాత్రీ ఊగింది.
పక్కన కూర్చున్నాను.
ఎప్పుడు ఆగిందో తెలీదు,
ముందు నాకే నిద్ర పట్టింది.