మూడో కుర్చీ కాదు

అత్సుత స్టేషన్ వెనక సందులో
మినోయా ఉన్న చోట
ఇప్పుడు సైకిళ్ళు నిలబెడుతున్నారు.
గంటకింత అని బోర్డు.

దాన్ని నేను వంటింటి బల్ల మీద
మళ్ళీ కడుతున్నాను,
బొమ్మ ఇటుకలతో.
యాభై ఎనిమిదేళ్ళవాడికి ఇదేం పిచ్చని
పార్సిల్ కుర్రాడు అడగలేదు గానీ
డబ్బా ఊపి చూశాడు. గలగలమంది.

ఇరవై రెండేళ్ళు రాత్రంతా రైలు సిగ్నళ్ళు బాగుచేసి
తెల్లారుజామున, గోళ్ళలో గ్రీజుతో
అక్కడే తిన్నాను.
వెడల్పాటి కిషిమెన్ నూడుల్స్, పైన చేప పొట్టు.
వేడికి అది వణుకుతుంటే
ప్రాణమున్నదాన్ని తింటున్నానేమో అని
కొత్తలో భయపడేవాణ్ణి.

గోడలకి తెల్ల ఇటుకలు మరీ తెల్లన.
నూనె పొగ తాగిన గోడ రంగు ఎవరూ అమ్మరు.
వేసవంతా కిటికీలో ఆరబోశాను, వడియాల్లా.
ఆగస్టు దాటాక కాస్త పసుపు తిరిగాయి.

గుమ్మానికి వేలాడే నీలం గుడ్డ, నోరెన్,
అది మొండికేసింది.
ప్లాస్టిక్‌కి గాలి తెలీదు.
నాలుగు నీలం పలకల్ని సన్న కడ్డీకి కొక్కేలతో తగిలించి
ఊదాను.
కొంచెం కదిలాయి.
ఆ కొంచెానికి మూడు ఆదివారాలు.

సోయా సీసాకి నల్ల గుండు మీద ఎర్ర టోపీ,
గిన్నెలకి చొక్కా గుండీలంత చక్రాలు.
చేప పొట్టుకే ఏదీ కుదరలేదు.
వణికేవేవీ ఆ డబ్బాల్లో రావు.

తలుపు మాత్రం నున్నగా జారింది.
అదీ తప్పే.
మినోయా తలుపు జానెడు తెరుచుకుని ఇరుక్కునేది,
పైకెత్తి లాగాలి,
ఎత్తడం తెలిస్తేనే పాత బేరం.
గాడిలో ఆవగింజంత ముక్క దూర్చాను.
ఇప్పుడు సరిగ్గా పాడైంది.

ఇక వంటగది.
ఎడమనుంచి మూడో కుర్చీలో కూర్చుంటే
కనిపించేదంతా నా కళ్ళలో ఉంది.
ఆవిరి వెనక మాత్రం
ఒక తెర, ఒక చెయ్యి, చేతిలో గిన్నె.
గోడలు లేపి, లోపల ఖాళీగా వదిలేసి
రెండు నెలలు దాని పక్కనే అన్నం తిన్నాను.

హిసానో గారు సూపర్ మార్కెట్లో
వేపుళ్ళ దగ్గర పనిచేస్తున్నారని తెలిసి
ఫోన్లో ఫొటో పట్టుకుని వెళ్ళాను.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
చాలాసేపు చూశారు.
"గడియారం ఐదు నిమిషాలు ముందుండేది.
మొదటి రైలు ఎవరికీ తప్పిపోకూడదని
ఆయనే తిప్పిపెట్టాడు."
ఆ తర్వాత,
"మీది మూడో కుర్చీ కాదు. నాలుగోది.
మూడోదానికి కాలు వదులు,
దాని మీద మీ సంచీ పెట్టేవారు."

ఇరవై రెండేళ్ళు
నేనెక్కడ కూర్చున్నానో
నాకంటే ఆవిడకి బాగా తెలుసు.

"మరి లోపలేముండేది?"
రొయ్యల పెట్టె మీద సగం ధర చీటీ అతికిస్తూ చెప్పారు:
రెండు పొయ్యిలు, మీట విరిగిన రేడియో, ఓ పీట.
"పీట మీద కూర్చుంటే కౌంటర్ చివరి సందులోంచి
మీ అందరి బూట్లు కనిపించేవి.
తడిసిన బూట్లయితే
పులుసు ఇంకో గరిటె పోసేదాన్ని."
అంతలో ఎవరో బంగాళాదుంప కట్లెట్లు అడిగారు.

ఇంటికొచ్చి పీట కట్టాను. నాలుగు ముక్కలు.
రేడియో, మీట లేకుండా.
ఆవిడ బొమ్మని కూర్చోబెట్టి కప్పు మూస్తే
ఇక బయటివాళ్ళెవరికీ కనపడదు.
అలాగే మూశాను.

గడియారం ముల్లు ఒక్క పన్ను జరిపాను.
సంచీ మూడో కుర్చీ మీద.
నాలుగోదాంట్లో నా బొమ్మ,
మోకాళ్ళు వంగవు, మణికట్టు తిరగదు,
నడుము మాత్రం వంగుతుంది.

ఆ బొమ్మ కాళ్ళకి నల్ల బూట్లు అచ్చువేసే ఉన్నాయి.
పంపు కింద వేలు తడిపి
ఒక్కోదాని మీద
ఒక్కో చుక్క పెట్టాను.