కిందవెట్టిన చాకు

నల్లగొండ కలెక్టరాఫీసు గేటుకాడ
నా సంచిల చెయ్యివెట్టి
పోలీసు పిల్ల మడత చాకు బయిటికి దీసింది.
"ఏందమ్మా ఇది?"
మా నాయిన, అనబోయిన.
"నిమ్మకాయలు కోసుకునేది" అన్న.
టోకెన్ ఇచ్చింది, పదిహేడు నంబరు.
సదరం కాయితం మీద సంతకమయ్యేదాక
ఆ రేకుబిళ్ళను పిడికిట్ల వట్టుకోని కూసున్న.
లోపల డాక్టరు ఏమడిగిండో
నేనేం జెప్పిన్నో యాదికి లేదు.

చెల్క తమ్ముడు తీసుకున్నడు.
బోరు, మోటరు, రెండు బర్రెలు తీసుకున్నడు.
నీకేమన్న గావాల్నా బిడ్డా అని
పెద్దమనుషులు మాటవరసకు అడిగిండ్రు.
పాత సామాన్లోని తక్కెట్ల వడబోతున్న
బిస్కెట్ల డబ్బా జూపిచ్చిన.
నవ్విండ్రు.
డబ్బాల మూడు చాకులు,
సానరాయి ముక్క,
ఎండిపోయిన అరటినార చుట్ట.

నల్ల చాకు బర్రెకొమ్ము పిడిది.
మా నాయిన జానయ్య అంటుగట్టే మనిషి.
గుర్రంపోడు నుంచి హాలియా దాక
ఏ బత్తాయి తోటకన్న వొయ్యి
మొదలుకాడ తోలు తడిమి చూడుండ్రి,
జంబేరి ఆగి బత్తాయి మొదలైనకాడ
చేతికి ఒక మెలిక తగుల్తది.
పండ్లు తోటాయనయి. లారీ సేటుది.
ఆ మెలిక మా నాయినది.
నూరంగ నూరంగ అలుగు
వేపాకంత సన్నగయింది.
మొగ్గను కోసేటప్పుడు ఊపిరి వట్టేటోడు,
నార గట్టినంక ఇడిచేటోడు.
ఫ్లోరిన్ నీళ్ళకు మోకాళ్ళు వంగిపోయినయి గని
చెయ్యి వణకలే,
కడదాక.

ఎర్రది జాన్‌పహాడ్ ఉర్సుల కొన్నది.
చేప లెక్క ప్లాస్టిక్ పిడి, కన్నుకాడ మేకు.
అది పనికి గాదు, మాకు.
తాటిముంజెలు, తెగిన చెప్పువారు, పతంగి దారం.
ఒకపారి నా తలల తుమ్మబంక జిక్కితె
అమ్మ మొత్తుకుంటనే ఉంది,
పిడికెడు ఎంటికలు పర్రున కోసి
"చెట్లే మొలుస్తున్నయి, గివి మొలవయా" అన్నడు.
ఇప్పుడు దాని స్ప్రింగు వోయింది.
తెరిస్తె దానంతటదే మూసుకుంటది.
రెండుసార్లు నా వేలు కోసింది.
తిట్టిన. తుడిచి పెట్టిన.

మూడోది ఇత్తడిది,
తోటల శాఖోళ్ళు శాలువ గప్పి ఇచ్చింది.
మైనపు కాయితం గూడ ఇప్పలే ఆయన.
ముక్కుకాడ వెట్టుకోని ఎంత పీల్చినా
దాంట్ల మా నాయిన లేడు.
అయినా పారెయ్య.
దాన్ని జూస్తె
శాలువ భుజం మీద నిలవక
ఎగేసుకుంట ఎగేసుకుంట
ఫోటోల పక్కకు జూసిన మనిషి యాదికొస్తడు.

దసరనాడు మా వాడకట్టు మొత్తం
మోటర్‌సైకిళ్ళు కడుగుతది.
నేను చాకులకు కొబ్బరినూనె రాస్త.
"దేవుని బొమ్మలన్న ఇట్ల తోమినవా ఎన్నడన్న" అంటడు మా ఇంటాయన.
నవ్వుత.
దేవుడు నాకు ఎంటికలు కొయ్యలే గద.

ఒక్కటి జెప్పాలె.
మా నాయిన చాకును ఎన్నడు చేతికియ్యలే.
చేతికిస్తె కొట్లాటయితదని.
నేలమీద వెట్టి, అలుగు తనదిక్కు తిప్పి
"తీసుకో సైదమ్మా" అనేటోడు.
పక్కనే నిలవడి ఉన్నా గంతే.
ఒక్కోపారి నవ్వొచ్చేది, ఒక్కోపారి కోపమొచ్చేది,
వంగి తీసుకునేదాన్ని.

మొన్న ఎండకాలం
తోటగట్టుకు నాయిన్నే కిందవెట్టిండ్రు.
దోసిట్లకు మట్టి తీస్కొనెతందుకు వంగిన.
ఏమన్న అంటడేమో అని
ఇంత సేపు అట్లనే ఉన్న.

టోకెన్ ఇచ్చిన.
పోలీసు పిల్ల చాకును చేతికియ్యబోయింది.
"కిందవెట్టు బిడ్డా."
నా దిక్కు ఇంతగ జూసింది,
ఏమనుకున్నదో, గచ్చు మీద పెట్టింది.
ఎనక లైను ఆగింది.
వంగిన.
లేశెతందుకే
మోకాళ్ళు జర సేపు తీసుకున్నయి.