పక్క గల్లీ

మలక్‌పేట ల్యాబ్‌లో నాది రాత్రి డ్యూటీ.
వడపోత కాగితం మీద ఒక్కో చుక్క నెత్తురు.
నీలి దీపం కింద పెడితే
బాగున్న చుక్క మిణుగురులా వెలుగుతుంది.
ఇల్యాస్ చుక్క వెలగలేదు.

చలిజ్వరం మాత్రలు మొదలుపెట్టిన మూడోనాటికి
ఒంటేలు డికాక్షన్ రంగులో వచ్చిందట.
కిషన్‌బాగ్‌లో బట్టలు కుట్టే సాలెహా
కొడుకు కంటి రెప్ప కిందికి లాగి పసుపు చూపించి
"లోపల ఏమైంది సార్?" అంది.

దారాలకు బేగంబజార్ పోతావు కదమ్మా,
అట్లనుకో.
చక్కెర రేణువు కణం గడప దాటగానే
వీపు మీద ముద్ర పడుతుంది, ఇక వెనక్కి పోలేదు.
ఎక్కువమంది పెద్దరోడ్డు మీదే పోతారు, సత్తువ కోసం.
మొదటి మలుపులోనే ఒక గల్లీ ఉంది.

అటు తిరిగినవాడు
ఆరు కర్బనాల్లో ఒకటి ఊపిరికి వదిలేస్తాడు.
మిగిలిన అయిదింటి కోసం
ఎముకల్లో మూలుగ ఎదురుచూస్తుంటుంది.
ఒక కణం రెండు కావాలంటే
వంశం పుస్తకమంతా తిరగరాయాలి,
కాగితం కావాలి.
కాలేయానికి కాగితం మీద అంత ఆశ లేదు,
గల్లీలో దొరికే చిల్లరతో కొవ్వు కట్టుకుంటుంది.
తెల్లకణం అదే చిల్లరతో
క్రిమి మీద నిప్పు అంటిస్తుంది.
ఎర్రకణం అదే చిల్లరతో
తన ఒంటికి అంటిన నిప్పు ఆర్పుకుంటుంది.

దానికి ఇంకో దారి లేదు.
ఊపిరి మోయడానికి చోటు చాలదని
ఇంట్లో సామానంతా అమ్ముకుంది,
ఆ పుస్తకంతో సహా.

"గల్లీ మూసుకపోయిందా?"
మూసుకపోలే. ఇరుకైంది.
రోజువారీకి సరిపోతుంది.
అసొంటి మాత్ర మంట పట్టుకొని వస్తేనే
నీళ్ళ బండి లోపలికి తిరగదు.

"నా నుంచి వచ్చిందా?"

ఆ జవాబు రాసే గడి మా ఫారంలో లేదు.
ఆమె వేలు కూడా పొడిచాను.
సగం వెలుగు.
కొన్ని కణాల్లో గల్లీ వెడల్పు, కొన్నింట్లో ఇరుకు.
ముప్పై నాలుగేళ్ళుగా ఆ నెత్తురే
అర్ధరాత్రి దాకా మిషన్ తొక్కుతోంది.

నెల తర్వాత మళ్ళీ వచ్చారు.
పిల్లవాడి కాలరు మడత లోపల
ఎర్రదారంతో కుట్టిన పేర్లు,
వాడు ఎన్నటికీ మింగకూడని మందులు.
ఒక పేరులో ఒక అక్షరం తప్పింది.
చెప్పాను.
సంచిలోంచి చిన్న కత్తెర తీసి
అక్కడే బెంచీ మీద కూర్చుని
ఆ ఒక్క కుట్టూ విప్పింది.