అక్షరానికి ఆరు రూపాయలు

చీమకుర్తిలో రాయి నల్లగా ఉంటుంది,
లోపల బంగారు నలుసులు.
కొనేవాళ్ళు గెలాక్సీ అంటారు.
మేం రాయి అనే అంటాం.

ఈసారి ఆర్డరు మేడమెట్లకు కాదు,
ఎవరి వంటింటి గట్టుకూ కాదు.
పడమటి ఆఫ్రికా ఒడ్డున
కోకో పండే దేశమంట.
వాళ్ళ నేవీకి పలక కావాలంట,
ఆరడుగుల ఎత్తు, అద్దంలాంటి పాలిష్,
దానిమీద పదిహేడు పేర్లు.

నేవీ అంటే ఎంతో ఉంటుందనుకున్నా.
సూపర్‌వైజర్ బ్రహ్మారెడ్డి నవ్వాడు.
"రామతీర్థం క్వారీలో టిప్పర్లున్నన్ని పడవలు లేవమ్మా వాళ్ళకి.
అందులో సగం సెకండ్‌హ్యాండువే."
మునిగింది వాటిలో ఒకటి.
రాత్రిళ్ళు పరాయి ట్రాలర్లొచ్చి
చేపంతా ఊడ్చుకుపోతుంటే
తరమడానికి పోయిందంట.
అది మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.
కొత్తపట్నం పోలమ్మ కొడుకులు
కడలూరు పెద్దబోట్ల వెంటపడి
చినిగిన వలలతో ఒడ్డెక్కిన పొద్దు
నేనక్కడే ఉన్నా, ఎండుచేపల బేరంలో.
తిట్లు తప్ప వాళ్ళ చేతిలో ఏం లేవు.

నా పని రబ్బరు షీటు అంటించడం,
బ్లేడు మొనతో అక్షరాలు ఊడబెరకడం.
తర్వాత మా ఆయన మస్తాను గొట్టంతో ఇసక కొడతాడు.
మూతికి తువ్వాలు కట్టుకుంటాడు గానీ,
రాత్రి ఆయన దగ్గుతుంటే
రొమ్ములో ఎవరి పేరో చెక్కుతున్నట్టుంటుంది.
గుంటల్లో బంగారు రంగు నింపేది మళ్ళీ నేనే.
బడికి పోలా. ఇంగ్లీషు అక్షరాలు
పోయినవాళ్ళ పేర్లలోనే నేర్చుకున్నా.
అక్షరానికి ఆరు రూపాయలు.

మొదటి పేరు పొడుగుది. సంతోషపడ్డా.
పక్కన అంకె ఏందని అడిగితే
వయసన్నారు. ఇరవై రెండు.
ఆ పూట టీ తాగబుద్ధి కాలా.

కోఫీ, క్వాకు, కోజో, మళ్ళీ కోఫీ.
ఇంతమందికి ఒకే పేరేందంటే
మా చిన్నది షంషాద్ ఫోనులో చూసి చెప్పింది:
"పుట్టిన వారం పేరు పెడతారమ్మా.
కోఫీ అంటే శుక్రవారపోడు."
బ్లేడు కింద పెట్టేశా.
శుక్రవారం పుట్టిందని మా అత్తను జుమ్మాబీ అన్నారు.
పక్కవీధిలో మంగళమ్మ ఉంది, ఆదెమ్మ ఉంది.
అంటే ఆ పడవలో
ఆదివారం నుంచి శనివారం దాకా అందరూ ఉన్నారు.
ఒక వారం వారమే మునిగింది.

పదిహేడోవాడు యావ్ దోంకోర్. గురువారం.
ఓడలో వంటవాడు.

సోమవారం కృష్ణపట్నం రేవుకి కంటైనరు పోవాలి.
శనివారం మెయిలొచ్చింది, ఆఖరి పేరు తీసెయ్యమని.
ఏం తప్పు చేశాడో పాపం అనుకున్నా.
తప్పు కాదంట, బతికున్నాడంట!
వీళ్ళు తరిమిన ట్రాలరే
నీళ్ళలోంచి ఎత్తుకుని ఏదో రేవులో దించిందంట.
కాయితాలు లేవని అక్కడివాళ్ళు
ఐదు నెలలు గదిలో కూర్చోబెట్టారంట.

రాతిమీద కొట్టివేత ఉండదు.
ఒక్కడిని తీయాలంటే ముఖమంతా అరగదీయాలి,
మిగతా పదహారుమందీ దుమ్మైపోవాలి.
ఓనరు తలకొట్టుకున్నాడు.
వేరే పలక కోయించాడు.
మళ్ళీ షీటు, మళ్ళీ బ్లేడు.
రెండోసారి ఎవరి పేరు దగ్గరా చూసి చెక్కలా,
చెయ్యికే తెలుసు.
పదహారు అయ్యాక
కింద ఖాళీ మిగిలింది, జానెడు.
దాన్ని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయా చాలాసేపు.
బ్రహ్మారెడ్డి కేకేసేదాకా.

పాత పలక జనరేటరు వెనక ఉంది.
వంటింటి గట్లకు కోస్తామన్నారు, ఇంకా కొయ్యలా.
గురువారం సాయంత్రం దర్గాకి పోతూ
అటుపక్కగానే నడుస్తా.
ఈపాటికి పొయ్యి ముందుంటాడా,
ఇంకా ఆ గదిలోనేనా, ఎవరినడగాలి.

బట్వాడా రోజు
తొమ్మిదక్షరాల కూలి కోసుకున్నాడు బ్రహ్మారెడ్డి.
యాభై నాలుగు రూపాయలు.
కోసుకోనీలే.